ముసుగు వెనక గొంతు ఎవరిది? బ్రిటన్ ‘మాస్క్‌డ్ సింగర్’, మన బెంగళూరు క్లబ్‌హౌస్

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో ఉగాది కార్యక్రమం అనగానే ముందు పాటల జాబితా తయారవుతుంది. బాగా పాడేవాళ్లు నలుగురుంటారు. ఏటా ఆ నలుగురే పాడతారు. మిగతా రెండు వందల మందికి చప్పట్లు కొట్టడం తప్ప పని ఉండదు. ఆ రెండు వందల మందికీ పని పెట్టే పాటల ఆట బ్రిటన్ టీవీలో ఉంది. ఐటీవీలో 2020 జనవరి 4న మొదలైన ‘ద మాస్క్‌డ్ సింగర్’ అది. చూసే కార్యక్రమంగా మేం దానికి ఐదుకి మూడున్నర ఇస్తాం. మన క్లబ్‌హౌస్‌లో ఆడుకునే ఆటగా అయితే నాలుగున్నర.

ఈ ఆట పుట్టింది బ్రిటన్‌లో కాదు. 2015లో దక్షిణ కొరియాలోని ఎంబీసీ చానెల్లో మొదలై దేశదేశాలకూ పాకింది. బ్రిటన్‌లో తొలి సీజన్‌కి పన్నెండు మంది ప్రముఖులను తీసుకున్నారు. ఒక్కొక్కరికీ తలనుంచి కాలిదాకా కప్పేసే వేషం: తేనెటీగ, ముళ్లపంది, ఆక్టోపస్, చెట్టు, ఇలాగ. పాటకి ముందు వేషధారి గురించి చిన్న వీడియో వేస్తారు, అందులో ఆధారాలు దాచిపెడతారు. తర్వాత పాట. ఆ వెంటనే ప్యానెల్‌లో కూర్చున్న నలుగురూ ఎవరో ఊహిస్తారు. స్టూడియో ప్రేక్షకులు ఓటేస్తారు, ఓట్లు తక్కువ వచ్చినవాళ్లలో ఎవరిని కాపాడాలో ప్యానెల్ తేలుస్తుంది, మిగిలిపోయిన ఒకరు ముసుగు తీస్తారు. నడిపించేది జోయెల్ డామెట్. మొదటి సీజన్ ప్యానెల్‌లో జోనథన్ రాస్, డవీనా మెకాల్, రీటా ఓరా, కెన్ జియాంగ్ కూర్చున్నారు. రెండో సీజన్ నుంచి కెన్ స్థానంలో మో గిలిగన్ వచ్చాడు.

ప్రాణమంతా ఒక్క నియమంలో ఉంది. మాట్లాడేటప్పుడు గొంతు మార్చేస్తారు, పాడేటప్పుడు మార్చరు. అంటే పాటే అసలు ఆధారం. వీడియోలోని బొమ్మలూ మాటల గారడీ దాని తర్వాతే. మనం ఒక మనిషిని గొంతుతో గుర్తుపడతామని అనుకుంటాం గానీ, నిజానికి మాట తీరు, యాస, నవ్వు, ముఖం అన్నీ కలిపి గుర్తుపడతాం. అవన్నీ తీసేసి, రాగంలో పెట్టిన గొంతొక్కటే మిగిల్చితే సొంత అన్నదమ్ముడైనా తడబడతాడు. తొలి సీజన్ గెలిచిన తేనెటీగ నికోలా రాబర్ట్స్. ‘గర్ల్స్ అలౌడ్’ అనే ఐదుగురమ్మాయిల బృందంలో ఆమె ఒకరు. ఐదు గొంతుల్లో ఒకటిగా ఏళ్లతరబడి విన్నవాళ్లు కూడా ఆ గొంతు విడిగా వినిపిస్తే తడబడటం సహజమే. అదే సీజన్‌లో ఫారో (ప్రాచీన ఈజిప్టు రాజు) వేషంలో పాడింది ఒకప్పటి బ్రిటన్ హోం మంత్రి అలన్ జాన్సన్. చెట్టు వేషంలో ఉన్నది ఫుట్‌బాల్ ఆటగాడు టెడ్డీ షెరింగమ్. పాడటం వృత్తి కానివాళ్లే ఈ ఆటకి ఉప్పు.

మన పగటివేషాల కళలోనూ ఇదే కిటుకు ఉంది. వేషగాడు ఎంత బాగా మారితే అంత గొప్ప, కానీ చివర్లో ‘ఫలానా వాడు’ అని తెలిసినప్పుడే ఊరు ఊరంతా కదులుతుంది. అందుకే రహస్యం కాపాడటానికి ఐటీవీ వాళ్లు పడే శ్రమ చూస్తే ముచ్చటేస్తుంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ముఖం కనిపించని ముసుగు టోపీ, చేతులకి గ్లవుజులు, ‘నాతో మాట్లాడొద్దు’ అని రాసి ఉన్న హుడీ. సిబ్బందిలో కూడా అసలు పేర్లు తెలిసినవాళ్లు అతి కొద్దిమందే.

లోపాలు లేకపోలేదు. ఆధారాలు చాలావరకు బ్రిటిష్ సీరియళ్లు, ఫుట్‌బాల్ క్లబ్బులు, అక్కడి పత్రికల కబుర్ల మీద నడుస్తాయి. బెంగళూరులో కూర్చుని చూస్తే సగం అందవు. రెండోది, ప్యానెల్ ఊహలు. ఈ వేదికకి ఎప్పటికీ రాని హాలీవుడ్ తారల పేర్లు చెప్పి సమయం తినేస్తారు. ముసుగు తీసే ఘట్టాన్ని మరీ సాగదీస్తారు. అన్నిటికంటే పెద్ద లోపం ఓటింగ్‌ది. ‘ఎవరు దొరకకుండా దాక్కున్నారు’ అన్నది ఆట అయితే, ఓటు పడేది ‘ఎవరు బాగా పాడారు’ అన్నదానికి. ఫలితం చూడండి: 2020 నుంచి 2025 దాకా ఆరు సీజన్ల విజేతలు నికోలా రాబర్ట్స్, జాస్ స్టోన్, నటాలీ ఇంబ్రూలియా, చార్లీ సింప్సన్, డానీ జోన్స్, సమంతా బార్క్స్. ఆరుగురూ పాటతో బతికేవాళ్లే. ఫుట్‌బాల్ ఆటగాళ్లు, రాజకీయ నాయకులు తొలి వారాల్లోనే ఇంటికి పోతారు. మన దగ్గర ఆడేటప్పుడు మొట్టమొదట తీసేయాల్సింది ఈ ఓటింగే.

చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. ప్రసారం ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి శనివారాల్లో. అక్కడ సాయంత్రం ఏడంటే మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఐటీవీఎక్స్ యాప్ బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే. పాటలూ ముసుగు తీసే ఘట్టాలూ కార్యక్రమం సొంత యూట్యూబ్ చానెల్లో ముక్కలుగా దొరుకుతాయి, ఆట అర్థం కావడానికి అవి చాలు.

మిగతా బ్రిటిష్ ఆటలు ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ‘స్టార్స్ ఇన్ దెయిర్ ఐస్’ (ఐటీవీ, 1990 నుంచి 2006) పేరున్న గాయకులను అచ్చం అనుకరించడం మీద నడిచింది. మామూలు మనుషుల ఆట అయినా ప్రముఖుల ప్రత్యేక భాగాలూ వచ్చాయి. దానికి మిమిక్రీ వచ్చినవాళ్లు కావాలి. ‘జస్ట్ ద టూ ఆఫ్ అస్’ (బీబీసీ వన్, 2006, 2007)లో ప్రముఖుడి పక్కన వృత్తి గాయకుడు నిలబడతాడు. మనకి ఆ రెండోవాడు దొరకడు. ‘పాప్‌స్టార్ టు ఒపేరాస్టార్’ (2010, 2011), 2019లో మేగన్ మెకెన్నా గెలిచిన ‘ఎక్స్ ఫ్యాక్టర్: సెలబ్రిటీ’ అచ్చంగా పాట పోటీలు. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారు ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టాక శ్రుతి, లయ, ఉచ్చారణ పట్టిపట్టి వినడం తెలుగు ఇళ్లకి అలవాటైపోయింది. ఆ చెవులతో అపార్ట్‌మెంట్ గొంతులను తూచడం మొదలుపెడితే మరుసటి ఏడు ఎవరూ మైకు పట్టుకోరు. ‘సింగ్ ఇఫ్ యూ కెన్’ (ఐటీవీ, 2011) పాడేవాళ్లను రకరకాలుగా ఇబ్బంది పెట్టి, పాట ఆపకుండా ఉండగలరా అని చూస్తుంది. పిల్లలతో సరదాగా ఉంటుంది, పెద్దవాళ్లతో వద్దు. ‘ఐ కెన్ సీ యువర్ వాయిస్’ (బీబీసీ వన్, 2021) కొరియా నుంచే వచ్చిన ఇంకో మంచి ఆలోచన. పాట వినకముందే మనిషి గాయకుడో కాదో చెప్పాలి. కానీ ఒకరికొకరు తెలిసినచోట అది చెల్లదు, ఎవరు పాడతారో అందరికీ ముందే తెలుసు.

రెండో స్థానం మాత్రం ‘నెవర్ మైండ్ ద బజ్‌కాక్స్’ (బీబీసీ టూ, 1996 నుంచి 2015, తర్వాత స్కైలో)లోని ఒక్క రౌండ్‌కి ఇవ్వాలి. ఒక జట్టులో ఇద్దరు పాట మొదలయ్యే ముందు వచ్చే వాద్య సంగీతాన్ని నోటితో వాయిస్తారు, మూడోవాళ్లు పాట చెప్పాలి. తెలుగు పాటల ప్రీల్యూడ్లకి ఇది అతికినట్టు సరిపోతుంది. ఒకరు తబలా పట్టుకుంటే ఇంకొకరు వయొలిన్ బిట్ అందుకుంటారు. ఒక్క పదం కూడా పలకకూడదు. మైకు అక్కర్లేదు, వేషం అక్కర్లేదు. ముసుగు ఆటలో ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య పడే ఖాళీని నింపడానికి ఇంతకంటే మంచిది లేదు.

ఇక ముసుగు ఆటని ఎలా దింపుకోవాలో చూద్దాం. ప్రముఖులు ఎవరు? అపార్ట్‌మెంటులో అందరికీ తెలిసినవాళ్లే. అసోసియేషన్ కార్యదర్శి, కోశాధికారి, యోగా నేర్పే ఆంటీ, పండగలకి పచ్చళ్లు అమ్మే పిన్నిగారు, జిమ్ ట్రైనర్, ఎప్పుడూ లిఫ్ట్ గురించే గ్రూపులో మెసేజ్ పెట్టే అంకుల్. ఆరుగురు చాలు. ఒక్కొక్కరికి ఆధారాలకి ఒక నిమిషం, పాటకి నిమిషంన్నర, ఊహలకి రెండు, ముసుగు తీయడానికి నిమిషంన్నర, తర్వాతివాళ్లు రావడానికి రెండు. మొత్తం ఎనిమిది నిమిషాలు, ఆరుగురికి నలభై ఎనిమిది. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి కాబట్టి ఎనిమిదిన్నరకే మొదలుపెట్టండి. భోజనాలు ముందు పెడితే తొమ్మిదిన్నరకి గానీ మొదలవ్వదు, చివరి ఇద్దరి పాటలు కోసేయాల్సి వస్తుంది.

ముసుగు దగ్గర కొంచెం ఓపిక కావాలి. టీవీలో కనిపించేంత భారీవి మనకెందుకు? మేస్త్రీలు పెట్టుకునే ప్లాస్టిక్ హెల్మెట్ ఒకటి తీసుకోండి. దాని లోపలి పట్టీ తలకి బిగుసుకుంటుంది, పైన కట్టే ఆకారాన్ని ముఖానికి తగలకుండా రెండంగుళాలు దూరంగా నిలబెడుతుంది. ఈ ఖాళీ లేకపోతే పాడేవాళ్లకి ఊపిరాడదు, మాట ముద్దవుతుంది. ఆకారానికి ఆరు మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, ముక్కూ చెవులూ లాంటి వాటికి మూడు మిల్లీమీటర్లది. అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు గమ్. రెండు వైపులా పలచగా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరాక కలిపి నొక్కాలి. తడిగా ఉండగానే కలిపితే పట్టదు, పాట మధ్యలో చెవి ఊడి పడుతుంది. ఆ గమ్ వాసన ఘాటు, కనీసం రెండు రోజులు గాలికి ఆరాకే తలకి పెట్టాలి. కళ్ల చోట నల్లటి నెట్ గుడ్డ వేస్తే లోపలివాళ్లకి బయట కనిపిస్తుంది, బయటివాళ్లకి లోపల కనిపించదు. లోపల దీపం గానీ ఫోన్ వెలుగు గానీ ఉండకూడదు, ఉంటే తిరగబడుతుంది. గుడ్డలకి చిక్‌పేట, చిన్న ఫ్యాన్లకి ఎస్పీ రోడ్డు.

ఫ్యాన్లంటే యూఎస్‌బీతో నడిచే నలభై మిల్లీమీటర్ల ఐదు వోల్టులవి, రెండు. వెనక మెడ దగ్గర ఒకటి గాలి లోపలికి తీసుకునేలా, నెత్తిన ఇంకోటి బయటికి తోసేలా. రెండూ లోపలికే ఊదేలా బిగిస్తే వేడి ఎక్కడికీ పోదు. నడుముకి ఒక చిన్న పవర్ బ్యాంకు. ఫ్యాన్లున్నా సరే ముసుగులో ఐదు నిమిషాలకి మించి ఉంచకండి. ఉగాది నాటికి బెంగళూరులో కూడా ఎండ ముదురుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లని ఈ ఆటలో గాయకులుగా పెట్టొద్దు, ప్యానెల్‌లో కూర్చోబెట్టండి.

ఎక్కువ మంది బోల్తా పడేది మైకు దగ్గర. చేతి మైకుని ముసుగు బయట పట్టుకుంటే ఫోమ్ పై స్థాయి శబ్దాలన్నీ మింగేస్తుంది. స, శ, త, ప ఒక్కటీ తేలదు, బావిలోంచి పాడినట్టుంటుంది. హెడ్‌సెట్ మైకు కావాలి. నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, బుగ్గకి టేపుతో అంటించి, పైన స్పాంజి తొడిగి. ఎదురుగా పెడితే ప్రతి ‘ప’కీ ‘భ’కీ స్పీకర్ దభీమంటుంది. స్పీకర్లు పాడేవాళ్లకంటే ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. వెనక పెడితే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి కూత తప్పదు.

ఎకో సంగతి మాత్రం పట్టుబట్టి చెప్పాలి. అద్దెకొచ్చే కారావోకే స్పీకర్లలో ఎకో మీట సగానికి పైనే ఉంటుంది, ఎందుకంటే అది శ్రుతి తప్పులని కప్పేస్తుంది. ఈ ఆటలో అది విషం. గొంతుకి ఉండే గరుకు, ఊపిరి తీసే తీరు, పదం చివర వదిలే విధానం అన్నీ ఎకోలో కరిగిపోతాయి. ఎవరు పాడినా ఒకేలా ఉంటుంది, ఇక గుర్తుపట్టేదేముంది? ఎకోని పూర్తిగా తీసేసి, పాడేవాళ్లు మరీ భయపడితే రవ్వంత పెంచండి. రిహార్సల్‌లో ఒకే వాక్యాన్ని ఇద్దరిచేత పాడించి, కళ్లు మూసుకుని వినండి. ఇద్దరూ వేరని తెలియకపోతే ఇంకా తగ్గించాలన్నమాట.

పాట పల్లవి, ఒక చరణం, అంతే. కారావోకే ట్రాకులు ఎక్కువగా అసలు శ్రుతిలోనే ఉంటాయి. బాలు గారి పై స్థాయి పాటని మామూలు గొంతుతో ఎత్తుకుంటే చరణంలో అరుపే మిగులుతుంది, అరుపులో ఎవరి గొంతూ వారిది కాదు. ట్రాకుని రెండు నుంచి నాలుగు సెమీటోన్లు (అరస్వరాలు) కిందికి దించే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది, వాడుకోండి. గొంతు కొంచెం మార్చి పాడితే తప్పా? తప్పేం కాదు. బాలు గారు ఒక్కో హీరోకి ఒక్కోలా పాడేవారు కదా. కానీ ముక్కుతో పాడటం, పిల్ల గొంతు పెట్టడం లాంటివి చరణం దాకా నిలవవు. పద ఉచ్చారణ మార్చడమే నిలిచే ఉపాయం. పాట సాహిత్యం అందరికీ ఒకటే అయినా, ‘ళ’ని ‘ల’ అనేవాళ్లు, ‘శ’ని ‘స’ అనేవాళ్లు, బెంగళూరులోనే పుట్టి పెరిగి కన్నడ ఒరవడితో తెలుగు పలికేవాళ్లు ఒక్క పదంలో దొరికిపోతారు. చెవి పెట్టి వినాల్సింది అక్కడే.

మాటలకి మాత్రం గొంతు మార్చాలి. స్టేజి మీద అప్పటికప్పుడు ఫోన్ యాప్‌తో మార్చబోతే, అదీ బ్లూటూత్ స్పీకర్‌కి కలిపితే, మాట ఆలస్యంగా వినిపించి మాట్లాడేవాళ్లే తడబడతారు. ముందే రికార్డు చేసి, శ్రుతి నాలుగు సెమీటోన్లు మార్చి, ఫైలుగా పెట్టుకోండి. వాక్యాలు మీరే రాసివ్వండి. సొంతంగా మాట్లాడితే ‘ఏందయా’, ‘ఏంట్రా’, ‘గట్లనే’లో జిల్లాతో సహా తెలిసిపోతుంది.

ఆధారాలు మూడు, కష్టమైనది ముందు. కోశాధికారి విషయమే తీసుకోండి. మొదటిది: ‘నేను సంతకం పెట్టకపోతే మీ కుళాయి పాడదు.’ ట్యాంకర్ బిల్లు గుర్తొచ్చేవాళ్లకి అక్కడే వెలుగుతుంది. రెండోది: ‘ఏప్రిల్ అంటే నాకు నిద్ర ఉండదు.’ మూడోది ఆయన బ్లాకు వైపు చూపించేది. ఉద్యోగం, జీతం, ఇంటి గొడవలు, ఆరోగ్యం ఆధారాల్లోకి రాకూడదు. ప్యానెల్‌లో కన్నడ, తమిళ పొరుగువాళ్లు ఉంటే ఆధారాలు ఆ భాషల్లో కూడా చదివించండి, వాళ్లు పాట సాహిత్యంలో చిక్కుకోకుండా గొంతు మీదే ధ్యాస పెడతారు కాబట్టి తరచు వాళ్లే ముందు పట్టేస్తారు. ఊహలు చీటీ మీద రాయించాలి. పైకి చెప్పిస్తే మొదట గట్టిగా అన్నవాళ్ల మాటకే అందరూ తలూపుతారు. మొదటి ఆధారానికి, పాట వినకముందే సరిగ్గా రాస్తే మూడు మార్కులు, పాట విన్నాక రెండు, మిగతా రెండు ఆధారాలూ విన్నాక ఒకటి. ఎవరికీ దొరకని గాయకుడికి ఐదు. టీవీ వాళ్ల ఓటింగ్ లోపం దీంతో పోతుంది, దాక్కోగలిగినవాళ్లు కూడా గెలుస్తారు.

రహస్యం ఇద్దరి దగ్గరే ఉండాలి: వేషాలు చూసేవాళ్లు, పాటలు చూసేవాళ్లు. వాట్సాప్ గ్రూపు పెట్టారంటే సాయంత్రానికి సెక్యూరిటీ గేటు దాకా తెలిసిపోతుంది. పాదాలు, చేతులు, నడక కప్పడం మరిచిపోకండి. అందరికీ ఒకే రకం నల్ల సాక్సులు, గ్లవుజులు ఇవ్వండి, ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీయించండి. పిల్లలు ముసుగు వైపు చూడరు, అమ్మ కాలి వేళ్లు చూసి అరుస్తారు. పాడేవాళ్ల పిల్లలని ఆ ఎనిమిది నిమిషాలు వెనక వరసలో తాతల దగ్గర కూర్చోబెట్టడం మంచిది. స్టేజి మీదికి, కిందికి నడిపించడానికి ఒకరు చెయ్యి పట్టుకోవాలి. నెట్ గుడ్డలోంచి ఎదుటిది కనిపిస్తుంది గానీ కాళ్ల కింద మెట్టు కనిపించదు.

ముసుగు తీసేటప్పుడు హెల్మెట్ గడ్డం పట్టీ ముందే వదులు చేసి ఉంచండి, లేకపోతే మైకు తీగ దానికి చిక్కుకుని బుగ్గ మీది టేపుతో సహా లాగేస్తుంది. వెనక వెల్క్రో పెట్టి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని నిటారుగా పైకెత్తాలి. పక్కన తువ్వాలు, నీళ్లు. ఐటీవీలో ముఖం కనపడ్డాక అదే పాట మళ్లీ పాడిస్తారు, అది తప్పకుండా తెచ్చుకోండి. ట్రాకుని పల్లవి దగ్గర సిద్ధంగా పెట్టుకుని, మైకు ఆపకుండా, ఎకో మీట ముట్టుకోకుండా వెంటనే అందించాలి.